ఆపరేషన్ తర్వాత ఒక ముక్క కేకు తింటే తప్పా?

ప్రశ్న: నా వయసు 41. బరువు తగ్గడానికి గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకుని పది నెలలైంది. 112 కిలోలు ఉండేదాన్ని, ఇప్పుడు 79. మొదటి ఆరు నెలలు తీపి వైపు కన్నెత్తి చూడలేదు. ఈమధ్య మా పాప పుట్టినరోజున భోజనమయ్యాక రెండు చెంచాల కేకు తిన్నాను, ఏమీ కాలేదు. ఆ ధైర్యంతో తర్వాతి వారం, మధ్యాహ్నం భోజనం కుదరని రోజున ఒక కప్పు ఐస్‌క్రీం తినేశాను. పావుగంటలో గుండె దడ, ఒళ్లంతా చెమటలు, కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి. గంటసేపు మంచం మీద నుంచి లేవలేకపోయాను. మా వదిన అందరి ముందే "ఇంత కష్టపడి ఆపరేషన్ చేయించుకుంది ఇందుకేనా?" అనేసింది. అప్పటి నుంచి ఎవరి ముందూ సరిగ్గా తినడం లేదు. కానీ రాత్రి అందరూ పడుకున్నాక బిస్కెట్లు తింటున్నాను. కొన్ని రోజులు సగం ప్యాకెట్ దాకా. వాటితో మాత్రం ఏ ఇబ్బందీ రావడం లేదు. నాతోపాటు ఆపరేషన్ చేయించుకున్న ఒకామె ఇక జీవితంలో చక్కెర ముట్టనంటోంది. ఇంకొకామె అన్నీ తింటోంది. ఎవరి మాట వినాలి? అప్పుడప్పుడు ఒక ముక్క తినడం నిజంగా తప్పేనా?
– పేరు వద్దన్న పాఠకురాలు

సమాధానం: తప్పు కాదు. పది నెలలు గడిచి, మామూలు ఆహారానికి వచ్చేసి, ప్రొటీన్, నీళ్లు, విటమిన్ మాత్రలు సక్రమంగా సాగుతున్న మనిషి ఎప్పుడైనా ఒక చిన్న ముక్క కేకు తింటే ఆపరేషన్ పాడైపోదు. అయితే మీ ఉత్తరంలో మూడు తిళ్లున్నాయి. కేకు గురించి మీరు బాధపడుతున్నారు, ఐస్‌క్రీం గురించి భయపడుతున్నారు, బిస్కెట్ల గురించి మాత్రం "ఏ ఇబ్బందీ లేదు" అని తేలిగ్గా రాసేశారు. నన్ను అడిగితే కేకు సంగతి మర్చిపోవచ్చు. ఐస్‌క్రీం ఎందుకలా చేసిందో తెలుసుకుంటే చాలు. కూర్చుని మాట్లాడుకోవాల్సింది బిస్కెట్ల గురించే.

ముందు ఐస్‌క్రీం. బైపాస్‌లో పొట్ట పైభాగాన్ని సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిలా వేరుచేసి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. మామూలు పొట్టకు చివర ఒక కవాటం ఉంటుంది. తిన్నదాన్ని అది కొంచెం కొంచెంగా పేగులోకి వదులుతుంది. మీ ఆహారం ఇప్పుడు ఆ దారిన వెళ్లడం లేదు. అందుకే చిక్కటి తీపి, అందులోనూ కరిగి ద్రవంలా మారేది, ఖాళీ కడుపున పడితే ఒక్కసారిగా పేగులోకి దిగిపోతుంది. ఆ చక్కెరను పలచన చేయడానికి రక్తంలోని నీరు పేగులోకి వస్తుంది, పేగు రకరకాల హార్మోన్లను విడుదల చేస్తుంది. దడ, చెమటలు, కడుపునొప్పి, కొందరికి విరేచనాలు, అన్నీ దాని ఫలితమే. దీన్ని డంపింగ్ అంటారు. సాధారణంగా తిన్న పది నిమిషాల నుంచి అరగంటలోపు మొదలవుతుంది. మీకు పావుగంటలో వచ్చింది కదా, అచ్చంగా అదే. అప్పుడు పడుకోవడం సరైన పనే.

కేకుకు ఏమీ కాకపోవడానికి కారణం కేకు మంచిదనీ కాదు, ఆ రోజు అదృష్టమనీ కాదు. భోజనం చేసి ఉన్నారు, తిన్నది రెండు చెంచాలు. ముందే లోపల ఉన్న ఆహారంతో కలిసి అది మెల్లగా కిందికి దిగింది. తిన్న పదార్థం కంటే ఎంత తిన్నాం, దేని తర్వాత తిన్నాం అన్నవే చాలాసార్లు ఎక్కువ తేడా చూపిస్తాయి.

డంపింగ్‌లో రెండో రకం కూడా ఉంది. మీకు ఇంకా ఎదురైనట్టు లేదు కానీ తెలిసి ఉండాలి. తీపి తిన్న గంట నుంచి మూడు గంటల మధ్యలో వస్తుంది. చక్కెర ఒక్కసారిగా రక్తంలోకి చేరడంతో శరీరం అవసరానికి మించి ఇన్సులిన్ వదులుతుంది, దాంతో షుగర్ బాగా పడిపోతుంది. చేతులు వణకడం, తట్టుకోలేనంత ఆకలి, చెమట, తికమక, ఒక్కోసారి స్పృహ తప్పడం. చాలామందిలో ఇది ఆపరేషన్ అయిన ఏడాది తర్వాతే మొదలవుతుంది. అంటే మొదటి ఏడాది రాలేదని ధీమాగా ఉండటానికి లేదు. ఇలా జరిగితే ఆకలేసిందనుకుని గుప్పెడు చాక్లెట్లు నోట్లో వేసుకోవద్దు. షుగర్ మళ్లీ ఎగిసి మళ్లీ పడుతుంది. డాక్టరు చెప్పిన కొద్దిపాటి గ్లూకోజ్ తీసుకుని, ఆ వెంటనే ప్రొటీన్ ఉన్నదేదైనా తినాలి. తర్వాత తప్పకుండా డాక్టరుకు చెప్పాలి. బండి నడుపుతూ ఉండగా వస్తే వెంటనే పక్కకు ఆపేయాలి.

చాలామంది డంపింగ్‌ను ఒక కాపలా మనిషి అనుకుంటారు. తీపి తింటే అదే శిక్షిస్తుంది కాబట్టి ఇక తినను అని ధైర్యం చెప్పుకుంటారు. కానీ ఆ కాపలా మనిషి అందరి ఇంట్లోనూ ఉండడు. ఉన్న ఇంట్లో కూడా కొన్నేళ్లకు కునుకు తీయడం మొదలుపెడతాడు. బైపాస్ అయినా డంపింగ్ అసలే రానివాళ్లున్నారు. వచ్చినవాళ్లలో చాలామందికి కాలం గడిచేకొద్దీ తగ్గుతుంది. స్లీవ్ (పొట్టలో ఎక్కువ భాగం తీసేసి సన్నటి గొట్టంలా మిగిల్చే ఆపరేషన్) చేయించుకున్నవాళ్లలో పొట్ట చివరి ఆ కవాటం అలాగే ఉంటుంది కాబట్టి ఇది తక్కువ. అసలు రాదని మాత్రం కాదు. వాళ్లకు ఎక్కువగా వచ్చే బాధ గొంతులోకి ఆమ్లం తన్నుకురావడం. చాక్లెట్, వేపుళ్లు, గ్యాస్ ఉన్న డ్రింకులు ఆ మంటను పెంచుతాయి. మీకు తెలిసిన "అన్నీ తినే" ఆవిడది ఏ ఆపరేషనో, ఎన్నేళ్లైందో, మీరు చూడనప్పుడు ఏం తింటుందో మీకు తెలియదు. ఆమె కంచం చూసి మీ కంచం దిద్దుకోవద్దు.

చక్కెర ముట్టనన్న ఆవిడ సంగతి వేరు. కొందరికి కొంచెం తిని ఆపడం కంటే అసలు తినకపోవడమే తేలిక. ఆవిడ అలాంటి మనిషైతే, ఆ నిర్ణయంతో ప్రశాంతంగా ఉంటే, మనం మార్చాల్సింది ఏమీ లేదు. కానీ ప్రతి విందుకూ భయపడుతూ, ఇంట్లోవాళ్లు తింటుంటే గదిలోకి వెళ్లిపోతూ గడుపుతుంటే మాత్రం ఆ నియమం ఎక్కువ రోజులు నిలవదు. పూర్తి నిషేధం పెట్టుకున్నవాళ్లు ఒకరోజు జారితే "ఎలాగూ తప్పు చేశాను, ఇక ఎంత తింటే ఏం" అన్న ఆలోచనలో పడతారు. అసలు నష్టం అక్కడ జరుగుతుంది.

ఇక బిస్కెట్లు. వాటితో ఏ ఇబ్బందీ రాకపోవడమే వాటితో వచ్చిన ఇబ్బంది. ఒక ఉడికించిన గుడ్డు తిని చూడండి. నమిలి నమిలి మింగాలి, సగమయ్యేసరికి రొమ్ము ఎముక కింద బిగుతు తెలుస్తుంది, చాలనిపిస్తుంది. గట్టిగా ఉండే ప్రొటీన్ ఆ చిన్న సంచిలో కాసేపు నిలబడుతుంది కాబట్టి. బిస్కెట్ అలా కాదు. నోట్లోనే పొడైపోయి, లాలాజలంతో ముద్దగా మారి, సంచిలో ఆగకుండా జారిపోతుంది. పది నిమిషాలకొకటి చొప్పున రెండు గంటలు తిన్నా "చాలు" అన్న కబురు రాదు. చిప్స్, కారప్పొడి చల్లిన కరకరలాడే చిరుతిళ్లు, కాఫీలో ముంచుకుని తినే రస్కులు, కరిగిన ఐస్‌క్రీం, తీపి పానీయాలు, అన్నీ ఈ బాపతే. పొట్ట చిన్నదైనా వీటికి దారి వెడల్పే. ఆపరేషన్ తర్వాత కొన్నేళ్లకు బరువు మళ్లీ పెరిగినవాళ్లను కదిపితే పెద్ద భోజనాల కథ కంటే ఇలా రోజంతా కొంచెం కొంచెంగా తిన్న కథే ఎక్కువగా వినిపిస్తుంది.

లెక్క కూడా చూద్దాం. తీపి బిస్కెట్లు 100 గ్రాములకు దాదాపు 450 నుంచి 500 కేలరీలు. ప్యాకెట్ 100 గ్రాములదైతే అందులో సగమంటే 225 పైమాటే. పది నెలల దశలో చాలామంది రోజు మొత్తానికి తినేది వెయ్యి, పన్నెండొందల కేలరీల దగ్గర ఉంటుంది. మీరు లెక్క పెట్టుకుని బాధపడుతున్న ఆ రెండు చెంచాల కేకు దీని ముందు ఎంత?

మీరు రాత్రి ఎందుకు తింటున్నారు అన్నదానికి నాకు మీ ఉత్తరంలోనే ఒక జవాబు కనిపించింది. "ఎవరి ముందూ సరిగ్గా తినడం లేదు" అన్నారు. పగలంతా కడుపు మాడ్చుకుంటే రాత్రి పదకొండుకు వంటింట్లోకి వెళ్లేది బలహీనమైన మనసు కాదు, ఆకలితో ఉన్న శరీరం. పైగా మొదటి నెలల్లో ఆకలి అంతగా తెలియదు. ఏడాది దగ్గరపడే కొద్దీ అది మెల్లగా తిరిగొస్తుంది. ఇది చాలామందికి జరిగేదే. ఆపరేషన్ ఫెయిలైందని కంగారుపడకండి. కాబట్టి తీపి మానాలా వద్దా అని తేల్చుకునే ముందు ఒక వారం రోజులు మూడు పూటలా వేళకు తినండి. ప్రతిసారీ ముందు ప్రొటీన్. సాధారణంగా చెప్పే లెక్క రోజుకు 60 నుంచి 80 గ్రాములు, మీ డైటీషియన్ ఇచ్చిన అంకె వేరైతే అదే పాటించండి. రాత్రి భోజనం అందరితో కలిసి, అందరి ముందు చేయండి. నీళ్లు రోజుకు లీటరున్నర తగ్గకుండా, కానీ భోజనంతో పాటు కాదు, అయ్యాక అరగంట ఆగి.

ఇది చేశాక రాత్రి బిస్కెట్ల మీదికి మనసు పోకపోతే సంగతి తేలినట్టే, అది ఆకలి. కడుపునిండా తిన్నాక కూడా చెయ్యి ప్యాకెట్ వైపు వెళుతుంటే, మొదలుపెట్టాక ఆపలేకపోతుంటే, తిన్నాక ప్యాకెట్ కవరు చెత్తబుట్టలో అడుగున దాచాలనిపిస్తుంటే, అప్పుడు దాని పేరు ఆకలి కాదు. దానికి కౌన్సెలింగ్ ఉంది, పనిచేస్తుంది కూడా. ఈ ఆపరేషన్లు చేసే చాలాచోట్ల టీమ్‌లో సైకాలజిస్టు ఉంటారు. పొట్ట తగ్గినంత మాత్రాన టెన్షన్ వచ్చినప్పుడు తినే పాత అలవాటు తగ్గదు. సర్జన్ దాన్ని కోసి తీసేయలేడు కదా. ఈ సంగతి చెప్పుకోవడానికి చాలామంది సిగ్గుపడి, చెకప్‌లకే వెళ్లడం మానేస్తారు. మీరు ఆ పని మాత్రం చేయొద్దు.

సరే, ఒక ముక్క తినాలనే అనుకున్నారు. ఎలా తినాలి? భోజనం చేయండి, ప్రొటీన్ భాగం ముందు ముగించండి. పొట్టలో ఇంకా చోటుందనిపిస్తేనే తీపి. లేదంటే ఆ రోజుకు వద్దు, ముక్క తీసి ఫ్రిజ్‌లో పెట్టండి. కేకు డబ్బా టేబుల్ మీద ఉండకూడదు. మీ ముక్క ఒక చిన్న ప్లేట్లోకి రావాలి, మిగతాది లోపలికి పోవాలి. కూర్చుని, చిన్న చెంచాతో, టీవీ, ఫోన్ పక్కన పెట్టి తినండి. ఒక చెంచా తిన్నాక చెంచా కింద పెట్టి కాసేపు మాట్లాడండి. మీరే గమనించండి, అసలు రుచంతా మొదటి మూడు చెంచాల్లోనే ఉంటుంది, ఆ తర్వాత చెయ్యి అలవాటుగా కదులుతుంది. ముక్కు కారడం, ఎక్కిళ్లు, ఉన్నట్టుండి తుమ్ము, రొమ్ము ఎముక కింద బిగుతు, వీటిలో ఏది కనిపించినా అక్కడితో ఆపేయండి. ఈ ఆపరేషన్ అయినవాళ్లలో చాలామందికి కడుపు నిండిందని తెలిసేది ఇలాంటి వింత గుర్తులతోనే. ప్లేట్లో సగం మిగిలినా పర్వాలేదు. పారేస్తే వృథా అని ఇంట్లోవాళ్లంటే, మీ పొట్టలో వేసినా అది వృథాయే అని చెప్పండి.

ఎన్నాళ్లకొకసారి అని అడుగుతారేమో. క్యాలెండర్ మీద గీత గీసి ఇవ్వడం నాకిష్టం లేదు. "ఆదివారం మన రోజు" అని పెట్టుకునేవాళ్లున్నారు. అలా పెట్టుకుంటే తినాలని లేకపోయినా ఆదివారం వచ్చింది కదా అని తింటారు. రోజంతా అనుమతి ఉంటే ఉదయం మొదలైంది రాత్రిదాకా సాగుతుంది. సందర్భాన్ని బట్టి తినడమే మేలు. పాప పుట్టినరోజు సందర్భమే. ఆఫీసులో ఎవరో డబ్బా తెరిచి పెట్టారు కాబట్టి అన్నది సందర్భం కాదు. వారానికి రెండు మూడుసార్లు "సందర్భాలు" వస్తున్నాయంటే అది అప్పుడప్పుడు కాదు, రోజువారీ ఆహారంలో చేరిపోయిందన్నమాట. ఇంటికి తెచ్చి నిల్వ పెట్టుకోవడం వద్దు. తినాలనిపిస్తే బయటికి వెళ్లి ఒక్కటి కొనుక్కుని తిని రండి. ఆ నడక శ్రమకు తగినంత ఇష్టం లేకపోతే వదిలేస్తారు.

ఇదంతా మీ దశలో ఉన్నవాళ్లకు. ఆపరేషన్ అయి రెండు నెలలు కూడా కానివాళ్లు ఇది చదివి ధైర్యం తెచ్చుకోవద్దు. ద్రవాలు, మెత్తటి ఆహారం దశల్లో ప్రయోగాలు చేయకూడదు, లోపలి కుట్లు మానాలి. మొదటి ఆరు నెలలు తీపికి దూరంగా ఉండమనే నేనూ చెబుతాను. బరువు వేగంగా తగ్గేది అప్పుడే, నాలుక రుచులు మారేది కూడా అప్పుడే. అప్పుడు దొరికే ఆ కాస్త చోటును చక్కెరకు ఇవ్వడం అన్యాయం. డయాబెటిస్ ఉన్నవాళ్లు, తిన్నాక షుగర్ పడిపోతున్నవాళ్లు తమ డాక్టరును అడగకుండా తీపి తినకూడదు.

బరువు గురించి కూడా ఒక మాట. ఏడాది, ఏడాదిన్నర తర్వాత కాస్త పెరగడం చాలామందిలో ఉంటుంది. స్వీడన్‌లో ఇలాంటి ఆపరేషన్లు చేయించుకున్నవాళ్లను 1987 నుంచి ఏళ్ల తరబడి గమనించారు. వాళ్లలో బైపాస్ అయినవాళ్లు మొదటి ఒకటి రెండేళ్లలో సగటున 32 శాతం బరువు తగ్గారు, పదేళ్లకు ఆ తగ్గుదల 25 శాతం దగ్గర నిలబడింది. వాళ్లంతా పదేళ్లు తీపి ముట్టకుండా బతికి ఉంటారని నేననుకోను. రెండేళ్ల తర్వాత రెండు కిలోలు పెరిగితే పుట్టినరోజు కేకును తిట్టుకోకండి.

మీ వదినగారి మాట నొప్పించే మాటే. వాదన పెట్టుకుంటే సాగుతుంది. "డాక్టరుకు తెలుసు వదినా, ఇది నా లెక్కలోనే ఉంది" అని నవ్వుతూ అనేసి, చేతిలో ఉన్నది అక్కడే, ఆవిడ ముందే తినండి. తిట్లకు భయపడి చాటుగా తింటే కొలత ఉండదు. నలుగురిలో రెండు చెంచాలకు ఆగిన మనిషి ఒంటరిగా సగం ప్యాకెట్ తింది, మీరే రాశారు. మీ వారికి రాత్రి బిస్కెట్ల సంగతి చెప్పారా? ఉత్తరంలో ఆయన ప్రస్తావనే లేదు. ఆయనకు కాకపోతే నమ్మకమున్న ఇంకెవరికైనా చెప్పండి. తిట్టడానికి కాదు, ప్యాకెట్లు కొనుక్కురాకుండా ఉండటానికి.

షుగర్‌ఫ్రీ చాక్లెట్లు తినొచ్చా అని తర్వాతి ఉత్తరంలో అడగకుండా ఇప్పుడే చెప్పేస్తాను. వాటిలో మాల్టిటాల్, సార్బిటాల్ లాంటివి వేస్తారు. నాలుగు ముక్కలు తింటే కడుపుబ్బరం, గ్యాస్, విరేచనాలు. కొవ్వు, కేలరీలు పెద్దగా తగ్గవు. షుగర్‌ఫ్రీ అని రాసి ఉంది కదా అని రెండింతలు తినడం మరో ప్రమాదం. ప్యాకెట్ వెనక చక్కెర ఎన్ని గ్రాములో చూడండి, నాలుగు గ్రాములంటే దాదాపు ఒక టీస్పూన్. పళ్లరసం కంటే పండు మేలు. కూల్‌డ్రింకుల కోసం మాత్రం సందర్భాలు వెతకొద్దు. తీపి, ద్రవం, గ్యాస్, మీ పొట్టకు పడని మూడూ ఒక్క సీసాలో ఉన్నాయి. మద్యం కూడా అప్పుడప్పుడే కదా అనేవాళ్లకు: బైపాస్ తర్వాత అది రక్తంలోకి చాలా త్వరగా ఎక్కుతుంది, ఎక్కువసేపు ఉంటుంది, అలవాటుగా మారే ముప్పు కూడా పెరుగుతుంది. దాన్ని కేకు ముక్కతో కలిపి లెక్కేయడానికి వీల్లేదు.

విటమిన్ మాత్రలు, బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం. ఏడాది చెకప్ దగ్గరపడుతోంది కాబట్టి ఆ రక్తపరీక్షలన్నీ చేయించండి. ఆలోగా ఏం తిన్నా వాంతులవుతూ ఒక రోజు దాటినా, తీవ్రమైన కడుపునొప్పి వచ్చినా, తిన్నాక కళ్లు తిరిగి పడిపోయినా చెకప్ తేదీ కోసం ఆగకుండా వెంటనే మీ సర్జన్‌ను కలవండి. ఏం తిన్నారో, ఎంత తిన్నారో ఆయన దగ్గర దాచొద్దు.